ఇంటి లెక్కలో బహ్రెయిన్ ఏదీ?

2015 అక్టోబరుకు ముందు బహ్రెయిన్‌లో ఆస్ట్రేలియా మటన్ కిలో ఒక దినారు. పెద్ద విల్లాలో ఉండే అరబ్బు కొన్నా, గుదైబియాలో ఒక గదిలో ఆరుగురు కలిసి వండుకునే మన జగిత్యాల పిల్లలు కొన్నా అదే ధర. మిగతాది సర్కారు భరించేది. నీ జీతమెంత, ఇంట్లో ఎంతమంది అని మటన్ కొట్టులో అడిగిన పాపాన పోలేదు. చమురు ధర పడిపోయింది, ఖజానా ఒత్తిడిలో పడింది, ఆ రాయితీ తీసేశారు. బదులుగా దేశపౌరుల ఖాతాల్లో నేరుగా డబ్బు వేయసాగారు. కుటుంబ పెద్దకు నెలకు 5 దినార్లు, ఇంట్లో మిగతా పెద్దవాళ్లకు మూడున్నర, పిల్లలకు రెండున్నర. ముగ్గురు పిల్లలున్న ఇంటికి 16 దినార్లన్నమాట. మనకు మాత్రం అసలు ధర మిగిలింది.

సరుకు మీద ఇచ్చే రాయితీకి మనుషుల వివరాలు అక్కర్లేదు. మనిషికి ఇవ్వాలంటే ఇంటి గుట్టంతా కావాలి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరి సంపాదన ఎంత, పెళ్లయిన కొడుకు ఇదే ఇంట్లో ఉన్నాడా, వేరు పడ్డాడా? బహ్రెయిన్‌కు అది పెద్ద కష్టం కాలేదు. ఇక్కడ పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి నిన్న విమానం దిగిన కూలీ దాకా ప్రతి ఒక్కరికీ సీపీఆర్ అనే తొమ్మిదంకెల నంబరుంటుంది. 2020 జనగణనను ఇంటింటికీ తిరగకుండా ఆ రికార్డుల నుంచే తేల్చేశారు. పదిహేను లక్షల పైచిలుకు జనం, అందులో సగానికి మించి పరాయి దేశాలవాళ్లు. అదే తెలంగాణలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే కోసం రాష్ట్రమంతా ఒక రోజు ఆగిపోయింది. సూరత్ నుంచీ భివండీ నుంచీ బస్సులెక్కి జనం ఊళ్లకు వచ్చారు. గల్ఫ్ నుంచి అలా ఒక్క రోజు కోసం ఎవరొస్తారు?

ఇంటి వివరాలన్నీ చేతిలో ఉన్నా లెక్క ఒక్కోసారి తిరగబడుతుంది. మా ఆఫీసు ఇక్కడి సల్మాబాద్‌లో. నేను చూసేది జీతాల లెక్కలు. పక్క సీటులో ఒక బహ్రెయినీ మిత్రుడు. ఇక్కడి తక్కువ ఆదాయపు కుటుంబాలకు ధరల భారం తట్టుకోవడానికి నెలనెలా ఒక భత్యముంది. 2022లో కాస్త పెంచారు గానీ, అంతకుముందు లెక్క ఇది: కుటుంబ పెద్ద ఆదాయం 300 దినార్ల లోపయితే 100, 700 దాకా 70, వెయ్యి దాకా 50. ఆ రోజుల్లో మా మిత్రుడి జీతం 690. కంపెనీ 20 దినార్లు పెంచింది. 710 అయింది. సర్కారు సాయం 70 నుంచి 50కి దిగింది. పెంపు ఉత్తరం చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చి, "కంపెనీ ఇచ్చింది, సర్కారు పట్టుకుపోయింది, మధ్యలో నాకు మిగిలింది ఈ కాగితం" అని నవ్వాడు. లెక్క ప్రకారం ప్రభుత్వం మీద ఆయన ఆధారపడటం తగ్గింది. ఇంట్లో ఖర్చుకు అందే డబ్బు మాత్రం ఒక్క ఫిల్స్ పెరగలేదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఇక్కడ పౌరుడు ఎంత కరెంటు కాల్చాడన్నదాన్ని బట్టి అతని పేదరికాన్ని తేల్చరు. సొంతింటికి మొదటి 3,000 యూనిట్లు యూనిట్ 3 ఫిల్స్ చొప్పున ఇచ్చారు. మనబోటి పరాయివాళ్లకు 2019 నాటికి అది 29 ఫిల్స్‌కు చేరింది. అదే ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర్లో తెచ్చిన ఆరు అంచెల పరిశీలన చూడండి. నెలకు 300 యూనిట్లు దాటితే ఇల్లు పేదది కాదు. కారుంటే కాదు. పట్నంలో వెయ్యి చదరపు అడుగుల ఇల్లుంటే కాదు. పొలం, సర్కారు కొలువు, ఆదాయపు పన్ను మిగతా మూడు అంచెలు. వీటికి తోడు ఆదాయ పరిమితి: పల్లెలో నెలకు పదివేలు, పట్నంలో పన్నెండు వేలు. కడప, రాజంపేట వైపు నుంచి వచ్చిన మిత్రులు ఈ జాబితాను గడగడా అప్పజెప్తారు. కొడుకు గల్ఫ్ డబ్బుతో అమ్మ గదికి ఏసీ పెట్టిస్తే, ఎండాకాలం బిల్లు ఆమె బియ్యం కార్డు మీద పడుతుంది. ఆ ఆరు అంచెల్లో అప్పు అనే అంచె లేదు.

అప్పు గురించి ఎందుకంటున్నానంటే, మా కంపెనీ క్యాంపులో ఒక మేస్త్రీ ఉన్నాడు, మా జిల్లావాడే. జీతం 120 దినార్లు, గది కంపెనీది. నెలకు 80 ఇంటికి పంపుతాడు. దినారు 220 రూపాయలు అనుకుంటే 17,600. ఏడాదికి రెండు లక్షల పదకొండు వేలు. ఇంట్లో నలుగురు. అతని తల్లికి ఆసరా పింఛను 2,016. మనిషికి ఆరు కిలోల లెక్కన నెలకు 24 కిలోల బియ్యం. అంగడిలో కిలో 45 అనుకుంటే, పింఛనూ బియ్యమూ కలిపి సర్కారు నుంచి ఏడాదికి 37 వేల పైచిలుకు. భార్య చుట్టే బీడీల పైసలు పక్కనబెడితే, ఆ ఇంటి రాబడిలో సర్కారు వాటా నూటికి పదిహేను, బహ్రెయిన్ వాటా ఎనభై అయిదు.

సర్కారు వాటాను తూచడానికి అమెరికా వాళ్లకో కొలమానముంది. 1994లో చేసిన ఒక చట్టం ప్రకారం అక్కడి ఆరోగ్య, మానవ సేవల శాఖ సంక్షేమంపై ఆధారపడటం గురించి ఏటా కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. ఒక కుటుంబం ఏడాది ఆదాయంలో సగానికి మించి, పనితో ముడిపడని నగదు సాయం, ఫుడ్ స్టాంపుల వంటి వాటి నుంచే వస్తే అది ఆధారపడ్డ కుటుంబం. ఆ గీటురాయి మీద పెడితే మేస్త్రీ ఇల్లు సర్కారు మీద ఆధారపడ్డది కానే కాదు. అది ఆధారపడింది ఇక్కడి సిత్రాలో ఎండలో ఇటుకలు పేర్చే ఒక మనిషి మీద. ఆ ఆధారాన్ని ఏ ప్రభుత్వం కొలుస్తోంది?

ఇప్పుడు తిరకాసు చూడండి. తెలంగాణలో రేషన్ కార్డుకు పల్లెల్లో ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. మేస్త్రీ పంపే డబ్బు లెక్కేస్తే కార్డు పోవాలి. కానీ వీసాకని లక్షన్నర అప్పు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు మూడు వేలు మిత్తికే. అసలు అలాగే ఉంది. కార్డు నిజంగా అవసరమైన ఇల్లే అది. అందుకే ఊళ్లో ఎవరడిగినా ఇంట్లోవాళ్లు "పంపిండంటే పంపిండు" అని దాటేస్తారు. నేను వాళ్లను తప్పు పట్టలేను.

2023 చివర్లో, 2024 మొదట్లో కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ రేషన్ డీలరు దగ్గర వేలిముద్ర వేయాలన్నారు. నాకు వరసగా ఫోన్లు. "అన్నా, కార్డుల నా పేరుంది గదా. ముద్ర ఏడ వెయ్యాలె? ఎంబసీల ఏస్తరా?" ఎంబసీలో వేయరు. దేశంలో ఏ ఊళ్లోనైనా రేషన్ తీసుకోవచ్చన్న సౌకర్యం సముద్రం దాటి రాదు. ముద్ర పడకపోతే ఆ మనిషి బియ్యం ఆగుతాయేమోనని భయం, పేరు తీసేయించుకుంటే రేపు తిరిగొచ్చాక మళ్లీ ఎక్కించుకోవడం ఎంత తిప్పలో అని ఇంకో భయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. వేర్వేరు శాఖల జాబితాల్లోని పేర్లనూ చిరునామాలనూ జతచేసి ఎవరికి ఏముందో తేల్చే సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థను అర్హతల పరిశీలనకు వాడారు. పేరు కలిసిందని ఎవరిదో కారు ఒక పేదవాడి ఖాతాలో పడిన సందర్భాలు బయటకొచ్చాయి. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. యంత్రం తీసేసినప్పుడు ఇంటి తలుపు తట్టలేదు, న్యాయస్థానం చెప్పాక తట్టాల్సి వచ్చింది.

మరి ఇక్కడి లెక్కల్లో మనమెక్కడ? బహ్రెయిన్‌లో 2006 చట్టంతో నిరుద్యోగ బీమా వచ్చింది, గల్ఫ్‌లో అదే మొదటిది. ప్రతి నెలా మేస్త్రీ జీతంలో ఒక శాతం, 1 దినారు 200 ఫిల్స్, నేనే కోసి సోషల్ ఇన్సూరెన్స్‌కు పంపుతాను. ఆ సంస్థను అందరూ ఇప్పటికీ పాత పేరుతో గోసీ అనే అంటారు. కోవిడ్ వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ప్రైవేటు కంపెనీల్లోని బహ్రెయినీల జీతాలు ఆ నిధి నుంచి కట్టారు. నిధిలో మన పైసలూ ఉన్నాయి, అందుకున్న జాబితాలో మన పేర్లు లేవు. 2024 మార్చి నుంచి మన గ్రాట్యుటీని కూడా యజమాని నెలనెలా సోషల్ ఇన్సూరెన్స్‌లోనే జమ చేయాలన్న నియమం మాత్రం మంచి పని. డబ్బు కట్టే మనిషిగా ఈ దేశానికి మేం బాగానే తెలుసు. కుటుంబమున్న మనిషిగా తెలియం. ఆదాయం ఒక గీత దాటితేనే ఇక్కడ భార్యాబిడ్డలను తెచ్చుకోనిస్తారు, ఊళ్లో ఆదాయం గీత దాటితే బియ్యం ఆపేస్తారు.

తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయానికి ఉత్తర్వులిచ్చింది. ఎన్నో ఏళ్ల కొట్లాట తర్వాత వచ్చిన సాయం, తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే బతికున్న గల్ఫ్ కార్మికుడి ఇల్లు ఎలా గడుస్తోందో కూడా లెక్క ఉండాలిగా? కేరళ 1998 నుంచే వలసల సర్వే చేయిస్తోంది. అక్కడి పరిశోధకులు కొన్నేళ్లకోసారి వేల ఇళ్లకు వెళ్లి ఎవరు పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఎంత పంపుతున్నారు అని రాసుకుంటారు. ఎవరి కార్డూ కోయడానికి కాదు గనుక జనం నిజం చెప్తారు. మనకు దొరికేది రిజర్వు బ్యాంకు అంచనా. 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల డబ్బులో తెలంగాణ వాటా నూటికి 8, ఆంధ్రప్రదేశ్‌ది 4 పైచిలుకు అని అది చెబుతుంది. అందులో అమెరికా సాఫ్ట్‌వేర్ డాలర్లూ సిత్రా మేస్త్రీ దినార్లూ ఒకే కుప్ప.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేరళ తరహా సర్వే పెట్టాలి. కార్డుల ఏరివేతకు ఆ వివరాలు వాడబోమని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. రాబడితో పాటు వీసా అప్పునూ మిత్తినీ రాసుకోవాలి. అది జరిగేదాకా, ఈసారి సెలవు మీద ఊరికి వెళ్లేవాళ్లు పెళ్లిళ్లూ జాతరల మధ్య ఒక పూట ఖాళీ చేసుకుని డీలరు దగ్గర వేలిముద్ర వేసి రండి. కార్డులో మీ పేరు ఉందో లేదో మీసేవలో చూసుకుని, ఆ కాగితం మీతో తెచ్చుకోండి.