తొందర చేసిన పని

నాకు తొందరెక్కువని హాస్టల్లో అందరికీ తెలుసు. భోజనం గంట కొట్టకముందే ప్లేటు పట్టుకుని నిలబడేది నేనే. ఆ తొందర వల్ల ఈసారి నా స్నేహితుడికి నష్టం జరిగింది. దాచుకోకుండా రాస్తున్నాను.

మా ల్యాబులో ఇద్దరికో కంప్యూటరు. నా జంటవాడు సైన్సు ఫేరు కోసం పైథాన్‌లో ఎక్కాల ప్రోగ్రాం రాశాడు. వాడు నీళ్లు తాగి వచ్చేలోగా నేను రన్ చేశాను. ఎర్రర్ వచ్చింది. అదేమిటో చదవనే లేదు. ఒక లైను తీసేశాను, ఇంకోటి మార్చాను, సేవ్ నొక్కేశాను. భయమేసి ఫైలు మూసేశాను. ప్రోగ్రాం మొత్తం పాడైంది. నిజానికి తప్పు ఒక్కటే. ఫర్ అనే లైను చివర కోలన్ లేదు. ఆ చోటు కంప్యూటరే చూపించింది! వాడు తిట్టలేదు. నాలుగు రోజులు మాట్లాడలేదు, అంతే.

సారుకి చెప్పేశాను. సారు కోప్పడలేదు. బోర్డు మీద ఆకుపచ్చ సుద్దముక్కతో 'ఎరుపు' అని రాసి, "ఏ రంగుతో రాశానో చెప్పరా" అన్నారు. "ఎరుపు" అనేశాను. అందరూ నవ్వారు. ఇలాంటి పరీక్షను స్ట్రూప్ అనే అమెరికా ఆయన 1935లో ప్రచురించారట. నోటికొచ్చింది ఆపుకొని అడిగింది చెప్పడమే అందులో కష్టం.

ప్రోగ్రాం రాయాలంటే మూడు అలవాట్లు కావాలన్నారు సారు. ఒకటి, ఆగడం. రెండు, గుర్తుంచుకోవడం. లూపు తిరిగిన ప్రతిసారీ ఏ పేరులో ఏ అంకె ఉందో మనసులో ఉండాలి. మూడు, మారడం. లెక్కల్లో ఎక్స్ = ఎక్స్ + 1 అంటే కుదరదు. పైథాన్‌లో మాత్రం, ఎక్స్‌లో ఉన్నదానికి ఒకటి కలిపి మళ్లీ ఎక్స్‌లోనే పెట్టు అని అర్థం. లెక్కల పీరియడు అర్థాన్ని కాసేపు పక్కన పెట్టాలి.

నాకు మా తాత గుర్తొచ్చాడు. వాగులో గాలం వేస్తే బెండు కదలగానే లాగడు, మునిగేదాకా ఆగుతాడు. నేను కదలగానే లాగేవాణ్ణి. ఎర పోయేది, చేప పడేది కాదు.

ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. కాగితం మీద గడులు గీసి, లూపు తిరిగిన కొద్దీ అంకెలు వేసుకుంటూ ప్రోగ్రాం మళ్లీ రాశాం. ఎక్కం పదిదాకా వచ్చింది. కానీ సైన్సు ఫేరు అప్పటికే అయిపోయింది. దాన్ని నేను తిరిగి ఇవ్వలేను.

ఇప్పుడు ఎర్రర్ వస్తే చేతులు కట్టుకుని ముందు చదువుతాను. ఒక్కోసారి చెయ్యి ఇంకా ముందుకే పోతుంది. అప్పుడు వాడు పక్కనుంచి, "బెండు మునగలేదురా" అంటాడు.

– తొమ్మిదో తరగతి విద్యార్థి