డాక్టరుకు చెప్పాల్సిన మాట

మా ఏజెన్సీ ఊళ్ళలో థైరాయిడ్ అనే మాట మా అమ్మల కాలంలో లేదు. జబ్బు లేక కాదు, పరీక్ష లేక. ముఖం ఉబ్బినా, నెలసరి ఎక్కువైనా, మధ్యాహ్నానికే ఒళ్ళు బరువెక్కినా "రక్తం తక్కువైంది" అనో, "పని ఎక్కువైంది" అనో అనుకునేవాళ్ళు. ఇప్పుడు తాడ్వాయి నుంచి ఏటూరునాగారం దాకా ఏ గూడెంలో కూర్చున్నా "నాకు థైరాయిడ్ ఉందన్నరు" అనే ఆడమనిషి కనిపిస్తుంది. 2018లో హైదరాబాద్‌లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ జిల్లాలకు వచ్చాక ఈ రక్తపరీక్ష డబ్బు లేకుండానే చేయించుకునే వీలు కలిగింది. గోలీ కూడా ఖరీదైనదేం కాదు. మిగిలిన కష్టం ఒకటుంది. ఆ గోలీ మోతాదు ఎంత అనేది డాక్టరు ఒక్కరే తేల్చగలిగేది కాదు. మనం నోరు విప్పాలి. మన దగ్గర జరగనిది అదే.

థైరాయిడ్ అంటే గొంతు ముందు భాగంలో ఉండే చిన్న గ్రంథి. అది తయారుచేసే హార్మోను ఒంట్లో అన్ని అవయవాల పని వేగాన్ని నడుపుతుంది. అది తగ్గితే మనిషి మొత్తంగా నెమ్మదిస్తాడు. చలి, మలబద్ధకం, జుట్టు రాలడం, మతిమరుపు, గొంతు బొంగురుపోవడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రిపోర్టులో కనిపించే టీఎస్‌హెచ్ ఆ గ్రంథి తయారుచేసేది కాదు. "పని చెయ్యి" అని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దానికి పంపే కబురు. టీచర్లకు ఇలా చెబితే సులువు: బడి నుంచి లెక్కలు వెళ్ళకపోతే ఎంఈవో ఆఫీసు నుంచి తాకీదులు పెరుగుతాయి, లెక్కలు అందితే తగ్గుతాయి. కాబట్టి టీఎస్‌హెచ్ ఎక్కువుంటే సాధారణంగా హార్మోను తక్కువున్నట్టు. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, అంకె పెరిగిందంటే గోలీ ఎక్కువైందనుకుని మానేసినవాళ్ళను నేను చూశాను.

నేను ఈ గోలీ వేసుకోవడం మొదలుపెట్టి ఏడేళ్ళయింది. పాఠం చెబుతుంటే గొంతు మందంగా రావడంతో పరీక్ష చేయించారు. 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, రెండు పరీక్షల తర్వాత 50 దగ్గర నిలబెట్టారు. ఈ మందు పేరు లీవోథైరాక్సిన్. ఒంట్లోకి వెళ్ళింది సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్ళీ రక్తం చూస్తారు. పది రోజులకే "గుణం లేదు" అని ఇంకో డాక్టరు దగ్గరికి పోతే ఎవరికీ లెక్క తేలదు.

మా వదినకు 50తో మొదలైంది, 75 అయింది, 100కి చేరింది. అయినా టీఎస్‌హెచ్ దిగలేదు. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు "రోజూ వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగేవారు. "వేసుకుంటున్న సారూ" అనేది ఈమె. ఆ మాట నిజమే. బయట లైను పెద్దది, మాట అంతటితో అయిపోయేది, చీటీ మీద అంకె పెరిగేది. ఒకసారి నేను తోడు వెళ్ళాను. ముందు రోజు రాత్రి, బడికి టైంటేబుల్ రాసినట్టు, ఆమె రోజును గంటల వారీగా కాగితం మీద రాశాను.

"పొద్దుగాల ఏమేం మింగుతవు వదినా?"

"థైరాయిడ్ గోలీ, రక్తం గోలీ, ఎముకల గోలీ. మూడూ ఒక్కసారే. మర్చిపోకుంట."

"ఈ సంగతి సారుకు చెప్పినవా?"

"నన్నెవరూ అడగలే. అవి ఆశా అక్క ఇచ్చింది, ఇది ఆస్పత్రిల రాసిండ్రు. వాటికీ దీనికీ సంబంధం ఉంటదని నాకేం ఎరుక?"

ఆ కాగితం చూశాక డాక్టరు మోతాదు పెంచలేదు. ఐరన్, కాల్షియం కడుపులో ఈ మందును పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వవు, కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి అని చెప్పారు. రక్తం గోలీని మధ్యాహ్నానికి, ఎముకల గోలీని రాత్రికి మార్చారు. గుండె దడ వస్తే ఆగకుండా రమ్మన్నారు. ఐదో వారంలో దడ వచ్చింది, వెళ్ళాం. టీఎస్‌హెచ్ మరీ కిందికి దిగింది. అప్పటిదాకా చాలని 100 ఇప్పుడు ఎక్కువైంది. 75కి తగ్గించారు, ఇప్పుడు కుదురుగా ఉంది. మోతాదు తక్కువైతే మనిషి కుంగిపోతుంది, ఎక్కువైతే గుండె మీద, ఎముకల మీద పడుతుంది. అంత తేడా తెచ్చింది వదిన దగ్గర ఎప్పటినుంచో ఉన్న ఒక్క సమాచారం.

అది బయటికి ఎందుకు రాలేదో మనకు తెలుసు. ఫారెస్టు వాళ్ళ ముందు, ఆఫీసుల ముందు అడిగినదానికే జవాబు చెప్పి ఊరుకోవడం మన పెద్దలు నేర్చుకున్న జాగ్రత్త. డాక్టరు గదిలో ఆ జాగ్రత్త మనకే చేటు.

మన బతుకు తీరును కూడా చెప్పాలి. ఈ గోలీని ఖాళీ కడుపున మంచినీళ్ళతో వేసుకుని, టీకైనా అంబలికైనా అరగంట నుంచి గంట ఆగాలి. ఇప్పపువ్వు రోజుల్లో చీకటితోనే అడవికి పోయే ఆడవాళ్ళకు ఇది కష్టమేమీ కాదు. లేవగానే వేసుకుని బయల్దేరితే, తిరిగొచ్చి అంబలి తాగేసరికి గంట దాటిపోతుంది. పొద్దున కుదరనివాళ్ళు రాత్రి తిన్న మూడు గంటలకు వేసుకోవచ్చా అని డాక్టరును అడగాలి, చాలామందికి ఒప్పుకుంటారు. మేడారం జాతరకు నాలుగు రోజులు పోతే గోలీలూ మూటలో ఉండాలి. ఎండ, తేమ తగలకుండా పెట్టాలి. కొత్త సీసా కొన్నప్పుడు కంపెనీ పేరు, మైక్రోగ్రాముల అంకె పాతవేనా అని చూడాలి, మారితే డాక్టరుకు చెప్పాలి.

"ఇంగ్లీషు మందు జన్మంతా మింగితే అలవాటైపోతది" అని పెద్దవాళ్ళు భయపడతారు. ఇది మత్తు అలవాటు కాదు. గ్రంథి ఇవ్వలేనిది బయటినుంచి ఇవ్వడం. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసంతో ఒకామెకు వైద్యం మొదలుపెట్టారు. ఆమె ఆ మందు మీద మరో 28 ఏళ్ళు బతికింది. వేర్లు, ఆకుల మందు వాడుతుంటే దాచనక్కర్లేదు. డాక్టరుకు చెప్పాలి. దాని కోసం గోలీ మాత్రం ఆపకూడదు.

కొత్తగా పెళ్ళయిన చెల్లెళ్ళకు ఇంకో మాట. గోలీ వేసుకునేవాళ్ళు గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే డాక్టరును కలవాలి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది, మోతాదు తరచూ పెంచాల్సి వస్తుంది. ఐరన్, కాల్షియం గోలీలు చేతికొచ్చేదీ గర్భంతో ఉన్నప్పుడే. టీచర్లూ గమనించండి: ఎత్తు పెరగక, ఎప్పుడూ మగతగా, పాఠంలో వెనకబడే పిల్లను మొద్దు అనే ముందు ఒకసారి రక్తపరీక్షకు పంపించండి.

చదువుకున్న మన పిల్లలు ప్రతి ఇంట్లో ఒకరున్నారు. అమ్మ ఆస్పత్రికి బయల్దేరే ముందు రాత్రి వాళ్ళు చేయాల్సిన పని పది నిమిషాలదే. ఏ గోలీ, ఎన్ని మైక్రోగ్రాములు, ఏ వేళకు, దాంతోపాటు ఇంకేం మింగుతోంది, ఎన్ని రోజులు తప్పింది, ఒంట్లో ఏం మారింది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, పాత రిపోర్టులతో కలిపి చేతికివ్వాలి. అమ్మ మాట్లాడలేకపోతే ఆ కాగితం మాట్లాడుతుంది.