ఇనుముమీది అంకె, కాగితముమీది అంకె

మీ సంఘములో లారీ గల సహోదరుడున్నయెడల ఈ మాటలు అతనికి చదివి వినిపించుడి.

బోధనులోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. అప్పటినుండి ఈ ప్రాంతపు చెరకు లారీలెక్కి దూరపు ఫ్యాక్టరీలకు పోవుచున్నది. కోతకాలములో లారీ ఆగినచో చెరకు ఎండును, రైతు నష్టపడును.

ప్రతి లారీ చట్రముపై 17 అక్షరములు, అంకెలు కలసిన ఛాసిస్ నంబరు చెక్కబడియుండును. ఒకటి, సున్నలతో పొరబడకుండ ఐ, ఓ, క్యూ అను ఇంగ్లీషు అక్షరములను దానిలో వాడరు. అయినను వ్రాయువాని చేయి తప్పవచ్చును. మా సంఘస్థుడొకనికి అర్జీ నింపినవాడు 8కి బదులు బీ వ్రాసెను. ఆర్‌సీలోను అదే పడెను. అతడు మూడు నెలల పన్ను కట్టిన రసీదు చూపినను, ఆ పన్ను ఈ బండిది కాదని తనిఖీలో లారీని నిలిపిరి.

“అయ్యగారూ, ఇనుముమీది అంకెనే గీకి మార్పించుమనుచున్నారు, ఏమి చేయుదును?” అని అతడు నన్నడిగెను.

“వద్దు నాయనా, అది నేరము. ఇనుము నిజమే చెప్పుచున్నది; కాగితమునే దిద్దించుకొనుము” అంటిని.

అతడు బండి కొన్న బిల్లును, ఆర్‌సీని, నంబరుపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చును రవాణా కార్యాలయమునకు కొనిపోయెను. ఇన్‌స్పెక్టరు బండిని స్వయముగా చూచిన పిమ్మట తప్పు సరియాయెను. కొన్ని దినముల బాడుగ పోయెను గాని బండి అతనికి దక్కెను.

కాబట్టి ప్రియులారా, ఆర్‌సీ చేతికి వచ్చిన దినముననే చట్రమువద్ద వంగి, ఒక్కొక్క అక్షరము సరిచూచుకొనుడి. పన్ను రసీదును, బీమా కాగితమును అటులనే చూడుడి. చదువురానివాడు చదువు వచ్చిన పిల్లవానిని వెంట తీసికొని పోవలెను. అందులో సిగ్గుపడవలసినది లేదు.