చిన్నాకి తెలిసిన మాటలు

శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చి యాభై ఏళ్లు దాటినా అమ్మకు హిందీ అబ్బలేదు. ఆమె చేతి ముద్దలు తిని పెరిగిన మా జర్మన్ షెపర్డ్‌కీ అంతే. కాగితాల్లో దానికి బారెడు పేరుంది. ఇంట్లో మాత్రం చిన్నా. మా పిల్లలు దానితో హిందీలో మాట్లాడితే ఊరికే చూస్తూ కూర్చుంటుంది.

రాయపూర్‌లో డాగ్ షో ఉందని తెలిసి, రింగులో నేనే నడిపించాలనుకున్నాను. నెల రోజులు సాయంత్రం పూట క్వార్టర్ల వెనక మైదానంలో సాధన చేశాం. నేను కంగారుపడి తాడు బిగిస్తే చిన్నా వెనక్కి జంకేది. ఎవరూ లేనప్పుడు నేల మీద తేలిపోతున్నట్టు పరుగెత్తే కుక్క, నా పక్కన ముక్కలు ముక్కలుగా నడిచేది. హ్యాండ్లర్‌ని పెట్టుకొమ్మని తెలిసినవాళ్లు చెప్పారు. మనసొప్పలేదు. డబ్బిచ్చి వేరే మనిషి చేత నడిపించాక, ఆ గెలుపు మాదెలా అవుతుంది?

అప్పుడు నాన్న గుర్తొచ్చారు. 1959లో ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన కొన్నేళ్లకు వచ్చి, స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా రిటైరయ్యారు. కరిగిన లోహం నిండిన లాడిల్ పైకి లేస్తున్నప్పుడు ఎంత పెద్ద ఆఫీసరైనా లీవర్ ముట్టడనీ, చెయ్యి తిరిగినవాడే ముట్టాలనీ అనేవారు. మర్నాడే ఒక హ్యాండ్లర్‌కి ఫోన్ చేశాను.

వచ్చినాయన ముందు సర్టిఫికెట్లు అడగలేదు. మెట్టు మీద కూర్చుని చిన్నా తనంతట తాను వచ్చేదాకా ఆగాడు. తర్వాత పెదవి ఎత్తి పళ్లు చూశాడు. మొత్తం 42 ఉండాలి. జడ్జి నోరు తెరిచి చూస్తాడు గనక, కొత్తవాళ్ల చెయ్యి రోజూ అలవాటు చేయమన్నాడు. ఎత్తు కొలిచాడు. మగ షెపర్డ్ భుజం దగ్గర 60 నుంచి 65 సెంటీమీటర్లుండాలి, చిన్నా 63. ఆ కొలతను ఏ హ్యాండ్లరూ పెంచలేడు. ఉన్నదాన్ని జడ్జి కంటికి దాచకుండా చూపడమే ఆయన విద్య. అందుకే కుక్కకీ జడ్జికీ మధ్య తాను ఎప్పుడూ అడ్డురాడు. షెపర్డ్ విలువంతా పరుగులో తేలుతుంది కాబట్టి, దానితో సమంగా పరుగెత్తే కాళ్లూ ఆయనకుండాలి.

ఈ జాతి కథ మొదలైందే ఒక షోలో. 1899లో స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి కార్ల్‌స్రూహె ప్రదర్శనలో ఒక కుక్కను చూసి, అక్కడికక్కడే కొని, హోరాండ్ అని పేరు మార్చాడు. జాతి పుస్తకంలో మొదటి నంబరు దానిదే.

ఫీజు, దారిఖర్చు, గెలిస్తే ఇవ్వాల్సినది, కుక్కకు జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, అన్నీ ముందే ఆయనతో కాగితం మీద పెట్టుకున్నాం. ఇది తప్పనిసరి అని ఎవరికైనా చెబుతాను.

చివరికి ఆయన, "ఇది ఏ మాట వింటుంది?" అని అడిగాడు. చెప్పాను. జేబులోని చిన్న పుస్తకంలో నాగరి లిపిలో రాసుకుని, "ఆగు" అని గట్టిగా పలికాడు.

వంటింట్లోంచి అమ్మ బయటికొచ్చింది. "అలా కాదు నాయనా, మెత్తగా ఆగమ్మా అనాలి."

నేను హిందీలో చెప్పాను. ఆయన దాన్ని కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు. అమ్మ తల ఊపేదాకా నాలుగుసార్లు పలికాడు.

షో రోజున నేను చిన్నాకి కనబడకూడదన్నాడు. చూసిందంటే ధ్యాసంతా నా మీదికే పోతుందట. నా వాసన రింగు వైపు పోకుండా గాలి వాటం చూసుకుని, షామియానా గుడ్డ వెనక నిలబడ్డాను. గుండె దడదడలాడుతోంది. ఏమీ కనబడదు. పరుగు చప్పుడు ఆగింది. జడ్జి నోరు చూసే సమయం అయ్యుంటుంది. అప్పుడు హిందీ యాసలో, అమ్మ నేర్పినంత మెత్తగా వినబడింది, "ఆగమ్మా."

చిన్నా కదల్లేదట. దాని క్లాసులో రెండో స్థానం వచ్చింది. తర్వాతి షోకి కూడా ఆయన్నే మాట్లాడుకున్నాం. పుస్తకంలో అమ్మ ఇంకో మూడు మాటలు రాయించింది.