మూడు బిళ్ళల రాత్రి

వేసవిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో రాత్రి పదిన్నర అయితే హైదరాబాద్‌లో పొద్దున ఎనిమిది. అక్కడి టీమ్ స్నానాలు చేసి, టిఫిన్లు తిని, తాజాగా కాల్‌లోకి వస్తుంది. ఇక్కడ గుంటూరాయన (ఎడిసన్ స్నేహితుల్లో ఆయనకి అదే పేరు) పొద్దున ఏడింటికి రైలెక్కి న్యూయార్క్ వెళ్ళి, సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి, పప్పన్నం తిని, రెప్పలు వాలిపోతుండగా లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పితే అదే కాల్ తొమ్మిదిన్నరకి వచ్చేస్తుంది. ఆ ఇంట్లో అదో చిన్న పండగ.

కాఫీ తాగొచ్చు కదా అంటే, ఆ వేళప్పుడు ఫిల్టర్ పెట్టడం పెద్ద తతంగం. డికాషన్ దిగాలి, పాలు పొంగాలి, గిన్నెల చప్పుడికి ఆరేళ్ళ కూతురు లేవకూడదు.

ఆఫీసులో పక్క సీటు వరంగల్ కుర్రాడు దారి చూపించాడు. "కాఫీ ఏం తాగుతవ్ అన్నా, గిదొక్కటి నోట్లేస్కో. నిద్ర బంద్."

అరచేతిలో ఇమిడే రేకు డబ్బా అది. మూత టక్కున తెరుచుకుంటుంది. లోపల తెల్లటి గుండ్రటి బిళ్ళలు, అచ్చం చిన్నప్పుడు కిరాణా కొట్లో సీసాలోంచి తీసిచ్చిన పిప్పరమెంట్లే. డబ్బా వెనక మాత్రం చీమల బారులాంటి అక్షరాల్లో ఒక మాట ఉంది: ఒక్కో బిళ్ళలో 100 మిల్లీగ్రాముల కెఫీన్.

ఒకటి నాలుక మీద వేసుకున్నాడు. ముందు చల్లదనం గుప్పుమంది. నిజానికి నోరేమీ చల్లబడదు. చలిని కనిపెట్టే నరాలనే బిళ్ళలోని మెంథాల్ తట్టిలేపి, చల్లగా ఉందనిపిస్తుంది. అర నిమిషం గడిచాక పుదీనా ఘాటు కిందనుంచి వేపపుల్లలాంటి చేదు బయటపడింది. అది కెఫీన్ సొంత రుచి.

అమెరికాలో ఈ సరుకు కొత్తదేమీ కాదు. 1990ల చివరలో వచ్చిన పెంగ్విన్ మింట్స్‌లో బిళ్ళకి 7 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండేది. తర్వాత వచ్చిన ఫూష్ మింట్స్‌లో అది 100. రెండూ పుదీనా బిళ్ళలే, కానీ ఒకదానికీ ఇంకోదానికీ పద్నాలుగింతల తేడా. రాత్రి కాపలా సైనికుల కోసం వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థ చూయింగ్ గమ్‌నే ఎంచుకుంది. ఒక్కో ముక్కకి 100 మిల్లీగ్రాములు. నములుతున్నప్పుడు కెఫీన్ నోటి లోపలి పొరల్లోంచే రక్తంలోకి వెళుతుంది కాబట్టి మాత్రకంటే తొందరగా పనిచేస్తుంది. 2013లో రిగ్లీ కంపెనీ ముక్కకి 40 మిల్లీగ్రాములతో మామూలు జనానికీ ఒక గమ్ తెచ్చింది. తినేవాటిలో ఇలా కెఫీన్ కలుపుకుంటూ పోతే పిల్లల సంగతేమిటని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడిగేసరికి, విడుదలైన కొద్ది వారాల్లోనే రిగ్లీ దాని అమ్మకాలు ఆపేసింది.

ఇక గుంటూరాయన రాత్రి సంగతి. పదింటికి రెండు బిళ్ళలు వేసుకున్నాడు. పావుగంట చూశాడు. ఏమీ తెలియలేదు. భోజనం తర్వాత సోంపు నోట్లో వేసుకున్నంత తేలిగ్గా మూడోదీ వేశాడు. చప్పరించి మింగిన కెఫీన్ చాలావరకు పొట్టలోకి వెళ్ళి, రక్తంలో పూర్తిగా కలవడానికి అరగంట నుంచి గంట పడుతుందని ఆయనకి తెలియదు. కాఫీ అయితే వేడికి మూతి కాల్చి తనే నిదానం నేర్పుతుంది. పైగా ఆయన పొడిలో మూడోవంతు చికోరీ, అందులో కెఫీనే ఉండదు. బిళ్ళకి ఆ అడ్డూ అదుపూ లేవు.

పదిన్నరకి కాల్ అదిరిపోయింది. మ్యూట్‌లో ఉన్నారని ఎవరూ గుర్తుచేయాల్సిన పని పడలేదు. పదకొండున్నరకి చేతివేళ్ళు సన్నగా వణకడం మొదలైంది. మూడింటికి వాళ్ళావిడ మంచినీళ్ళకి లేచి వస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది.

"ఏవండీ, ఈ వేళప్పుడు పోపుల డబ్బా కడుగుతున్నారేంటి?"

"ఆవాల్లో జీలకర్ర కలిసిపోయింది."

లెక్క వేస్తే ఆశ్చర్యం లేదు. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పదీపావుకి 300 అయితే మూడుంబావుకి 150. పొద్దున ఎనిమిదుంబావుకి ఇంకా 75, అంటే దాదాపు చిన్న రెడ్ బుల్ డబ్బాలో ఉన్నంత. పగలు తాగిన రెండు కాఫీలు వేరే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగై నిద్ర ముంచుకొస్తుంది. అది కూర్చోవాల్సిన పీటల మీద కెఫీన్ వచ్చి కూర్చుంటుంది. దాంతో నిద్ర వస్తోందన్న కబురు ఆగుతుందే తప్ప నిద్ర బాకీ తీరదు. ఆ బాకీ మర్నాడు మధ్యాహ్నం మీటింగులో, అందరి ముందూ వసూలైంది.

అయినా ఆయన డబ్బా పారేయలేదు. ఆగస్టులో కుటుంబమంతా పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి బయలుదేరింది. 1970ల నుంచీ తూర్పు తీరం తెలుగువాళ్ళు కార్లు వేసుకుని వెళ్ళే గుడి అది. ఎడిసన్ నుంచి మూడొందల మైళ్ళ పైమాటే. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కొండలు మొదలయ్యేసరికి, తెల్లారి నాలుగింటికి లేచిన ఆయన కళ్ళు మండాయి. సర్వీస్ ప్లాజాలో కారు ఆపి, ఒకే ఒక బిళ్ళ వేసుకుని, సీటు వెనక్కి వాల్చి పావుగంట కునుకు తీశాడు. కెఫీన్ తీసుకుని, అది పనిచేసేలోపు చిన్న కునుకు తీస్తే డ్రైవర్ల మత్తు బాగా తగ్గుతుందని ఇంగ్లండ్‌లో లఫ్‌బరో పరిశోధకులు 1990లలోనే పరీక్షించి చూశారు. లేచాక మిగతా దారి హాయిగా నడిపాడు. కాఫీలా దారిపొడవునా బాత్రూమ్‌ల కోసం వెతుక్కోవాల్సిన పనీ లేకపోయింది.

వెనక సీట్లోంచి కూతురు చెయ్యి చాపింది. "నాన్నా, ఆ పిప్పరమెంటు నాకూ ఒకటి!"

ఆయన మూత బిగించి డబ్బా జేబులో వేసుకున్నాడు. ఇల్లు చేరాక అది అందనంత ఎత్తున, మందుల అలమరలో పై అరకి ఎక్కింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 400 మిల్లీగ్రాములు దాటకపోతే సాధారణంగా ఫరవాలేదని ఎఫ్‌డీఏ అంటుంది. గర్భిణులు 200 లోపే ఉండాలని అక్కడి డాక్టర్లు చెబుతారు. మీరూ కొంటే డబ్బా ముందున్న పుదీనా బొమ్మ కాదు, వెనకున్న మిల్లీగ్రాములు చదవండి. ఒకటి వేసుకుని గంట ఆగండి. ఇంట్లో పిల్లలుంటే డైనింగ్ టేబుల్ మీద మాత్రం పెట్టకండి.