చెత్తబుట్ట చెప్పిన పాఠము

2010లో కొన్న మా యింటి కంప్యూటరు నాతోపాటే ముసలిదైనది. దాని హార్డు డిస్కు 160 గిగాబైట్లది. ఒకనాడు డిస్కు గుర్తు క్రింద నుండు నీలపు పట్టీ ఎఱ్ఱబడెను. చోటు నిండినదని దాని యర్థము.

వెంటనే పాత సినిమాలను, అంకెలే పేర్లుగా గల పాటల ఫైళ్ళను తొలగించితిని. అయినను ఎఱుపు మాఱలేదు. ఎనిమిదవ తరగతి చదువు మా మనుమరాలు నవ్వి, “తాతయ్యా! అవి రీసైకిల్ బిన్ అను చెత్తబుట్టలో నున్నవి. ఆ బుట్టయు ఈ డిస్కులోనిదే. దానిని ఖాళీ చేసిననే చోటు కలుగును” అనెను.

“అట్లే చేయుము” అంటిని.

ఆమె తొందరపడక పాటల ఫైళ్ళను తీసి వినిపింపసాగెను. మూడవది మా అమ్మ కంఠము! ఆమె పోవుటకు ముందటి యేడు, 2012లో, నేనే సెల్‌ఫోనులో పట్టి దాచిన జోలపాట. నా చేతులు వణకెను. పేరు పెట్టని సోమరితనమున దానిని చెత్తలో కలిపితిని.

పాటను తిరిగి దాని చోట నుంచి, “అమ్మ పాట” అని పేరు పెట్టి, పెన్‌డ్రైవులో ప్రతి తీసి, అది పలుకుచున్నదని విన్న పిమ్మటనే బుట్టను ఖాళీ చేసితిమి. డిస్క్ క్లీనప్‌తో తాత్కాలిక ఫైళ్ళనుగూడ తుడిచితిమి. పట్టీ మరల నీలమాయెను.

బాలలారా! తుడుచుటకు ముందు తెఱచి చూడుడు. ఉంచదగినదానికి పేరు పెట్టి, వేఱొకచోట ప్రతి నుంచుడు. “చదివిన పిమ్మటనే కొట్టివేయుడు” అని ముప్పది యేండ్లు పిల్లలకు చెప్పిన నాకు, ఆ మాట మనుమరాలు గుర్తు చేయవలసి వచ్చినది.