స్నేహమనే మాటకు అనువాదం

గత వేసవిలో ఇంటర్మీడియట్ పరీక్షలు ముగించుకొన్న మా అమ్మాయి రాత్రివేళల ఒక థాయ్ సీరియల్ చూస్తూ ఉండేది. భాష తెలియదు కనుక తెర అడుగున ఇంగ్లీషులో వచ్చే అనువాదం మీద ఆధారపడి చూసేది. నేను అదే గదిలో, నా అలవాటు ప్రకారం, కార్యాలయం నుండి తెచ్చుకొన్న కాగితాలు తిరగవేస్తూ ఉండేవాడిని. నా కన్నులను ముందుగా పట్టి నిలిపినది ఆ కథ కాదు, కథ వెనుక ఉన్న వీధి. రెండంతస్తుల పాత ఇండ్లు, కమానులతో కూడిన వసారాలు, ఒక ఇంటి వసారా రెండవ ఇంటిలోనికి సాగి వీధి పొడవునా నీడలో నడిచిపోగల దారి, గోడలపై సున్నపు నగిషీలు, చెక్క కిటికీలపై చీనా అక్షరాలు. చరిత్ర చదువుకొన్నవాడికి ఇటువంటివి కనిపిస్తే చేతిలోని పని ఆగిపోతుంది.

"ఇది పెనాంగ్ పట్టణమా?" అని అడిగాను.

"కాదు నాన్నా, ఫుకెట్" అన్నది. కొంచెం ఆగి, నా ముఖంలోకి చూస్తూ, "ఇందులో ప్రేమించుకొనేది ఇద్దరూ అబ్బాయిలే. చూస్తావా?" అని కూడా అన్నది. ఆ ప్రశ్నలో ఆహ్వానం ఎంత ఉన్నదో పరీక్ష కూడా అంతే ఉన్నదని నాకు అర్థమైనది. కాగితాలు పక్కన పెట్టి కూర్చున్నాను.

ఫుకెట్ పేరు నేటి యువతకు విహారయాత్రల ప్రకటనల ద్వారానే తెలుసు. మన తీరానికి ఆ దీవి కొత్తది కాదు. దానికి ఉత్తరాన, ప్రధాన భూభాగంపై ఉన్న తకువాపాలో 9వ శతాబ్దపు తమిళ శాసనం ఒకటి దొరికింది. దక్షిణ భారతానికి చెందిన మణిగ్రామమనే వర్తక శ్రేణి ప్రస్తావన అందులో ఉన్నది. 17వ శతాబ్దంలో థామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలను వర్ణిస్తూ వ్రాసిన గ్రంథంలో మన మచిలీపట్నమూ ఉన్నది, జంక్ సిలోన్ అన్న పాత పేరుతో ఈ ఫుకెట్ కూడా ఉన్నది. ఆ కాలంలో కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రాలు సయాం దేశానికి ఎగుమతి అయ్యేవి. ఇక ఆ సీరియల్లో కనిపించే ఇండ్లన్నీ తగరపు గనుల సంపద కట్టినవి. 19వ శతాబ్దంలో చీనాలోని ఫుజియన్ ప్రాంతం నుండి హొక్కియన్ భాష మాట్లాడే కూలీలు, వర్తకులు వేల సంఖ్యలో వచ్చి గనులలో దిగారు. వారి మనుమలు, మునిమనుమలు నేడు ఇంటిలో పూర్వికుల పటాలకు అగరువత్తులు వెలిగిస్తూ, బయట థాయ్ మాట్లాడుతూ జీవిస్తున్నారు.

ఈ వివరమంతా కథకు దూరమని అనుకొన్నాను. రెండవ భాగం చూసేసరికి కాదని తెలిసినది. ఆ కుర్రవాళ్లు ఇద్దరూ చదువుతున్నది చీనా భాషే. తాతలు మరచిపోయిన భాషను మనుమలు విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష కోసం ట్యూషను పెట్టించుకొని నేర్చుకోవడం చరిత్ర చేసే విచిత్రాలలో ఒకటి. మన ఇండ్లలోనూ ఇటువంటిది జరగడం లేదా?

సీరియల్ 2020 అక్టోబరులో మొదలై నవంబరులో ముగిసినది. దర్శకుడు నరుబెత్ కునో, నిర్మించిన సంస్థ నాదావ్ బ్యాంకాక్. భాగాలు ఐదే. ఇంగ్లీషులో దానికి పెట్టిన పేరు 'నీ గురించి సూర్యాస్తమయానికి చెప్పాను' అని అర్థమిచ్చేది. థాయ్ పేరు మాత్రం వేరు. 'నా ప్రేమను నీ హృదయంతో అనువదించు' అన్నది దాని భావమని మా అమ్మాయి ఎక్కడో చదివి చెప్పినది. అనువాదాలతోనే బతికే ఇటువంటి పత్రిక పాఠకులకు రెండవ పేరే నచ్చుతుందని నా నమ్మకం.

కథ క్లుప్తంగా చెబుతాను. తే, ఓఏవ్ అనే ఇద్దరు చిన్ననాటి మిత్రులు. నటన మీద ఇద్దరికీ మోజు. ఆ మోజే పోటీగా మారి, పోటీ మాటలు లేని పగగా మారి, విడిపోతారు. పాఠశాల చివరి సంవత్సరంలో ఒకే చీనా భాషా తరగతిలో మళ్లీ ఎదురుపడతారు. తే చురుకైనవాడు. ఓఏవ్ వెనుకబడినవాడు. తే అతనికి పాఠం చెప్పడం మొదలుపెడతాడు. తేకు ఒక ఆడపిల్ల మీద, ఓఏవ్‌కు మరొక అబ్బాయి మీద మనసున్నదని మొదట మనకు తెలుస్తుంది. ఆ తరువాత జరిగేదంతా ఆ రెండు మనసులూ దారి మళ్లడమే. తే తల్లి హొక్కియన్ నూడుల్స్ వండి అమ్మే అంగడి నడుపుతుంది. ఓఏవ్ అన్న పేరు ఆ ఊరి చిరుతిండి పేరు. ఒక రకం గింజల నుండి తీసిన జిగురుతో చేసిన ముద్ద మీద తురిమిన మంచు, తీపి పాకం పోసి ఇస్తారు. మన ఊళ్లో ఒక పిల్లవానికి పూతరేకు అని పేరు పెట్టినట్లు ఉంటుందని నేను అంటే మా అమ్మాయి నవ్వినది. ఆ నవ్వుతో మా ఇద్దరి మధ్య ఉన్న బిగువు కొంత సడలినది.

ఈ తరహా కథలు థాయ్ దేశంలో పుట్టినవి కావు. 1970లలో జపాన్ దేశపు స్త్రీలు, ఆడపిల్లలు చదివే బొమ్మల కథలలో వీటిని ఆరంభించారు. మోతో హగియో 1974లో వ్రాసిన కథ జర్మనీలోని మగపిల్లల వసతి పాఠశాలలో, కెయికో తకెమియా 1976లో ఆరంభించిన కథ ఫ్రాన్సులోని అటువంటి పాఠశాలలో జరుగుతాయి. తమ ఊరి ఆడపిల్లలకు లేని స్వేచ్ఛను దూరదేశపు మగపిల్లలకు ఇచ్చి చూసుకొన్నారేమో అనిపిస్తుంది. థాయ్ టెలివిజన్‌లో 2014లో వచ్చిన 'లవ్ సిక్' నుండి ఈ పాఠశాల కథలు వరదగా మారాయి. దూరదేశపు ముసుగు తీసివేసి, తమ ఊరి వీధిలో, తమ ఊరి తిండి పేరుతో, తల్లి వండే అంగడి ముందు ఈ కథను నిలపడమే ఈ ఐదు భాగాల విశేషమని నా అభిప్రాయం.

నాకు థాయ్ భాష రాదు. అయినా ఆ భాష వింటూ ఉంటే తెలుగువాని చెవికి అప్పుడప్పుడు తెలిసిన ముఖం కనిపించినట్లు ఉంటుంది. భాషను వారు 'ఫాసా' అంటారు, గురువును 'ఖ్రూ' అంటారు, మిత్రుని 'మిత్' అంటారు. ఫుకెట్ దక్షిణపు కొస పేరు ప్రోమ్‌థెప్, అనగా బ్రహ్మదేవుడు. ఈ సరదాలో పడి ఒకనాడు నిఘంటువు తిరగవేస్తూ ఉంటే 'సనేహా' అన్న మాట తగిలినది. మన స్నేహమే. సంస్కృతంలో ఆ మాటకు జిడ్డు అనీ, ప్రీతి అనీ అర్థాలు. మనవారు దానిని మైత్రికి కేటాయించుకొన్నారు. థాయ్ వారు వలపుకు, ఆకర్షణకు కేటాయించుకొన్నారు. ఒకే ఓడలో బయలుదేరిన సరుకు ఒక రేవులో ఒక గిడ్డంగికి, మరొక రేవులో మరొక గిడ్డంగికి చేరినట్లు! ఆ మాట సీరియల్లో వినబడినదని కాదు. కాని తే, ఓఏవ్ ఐదు భాగాలూ తిరిగినది ఆ రెండు గిడ్డంగుల మధ్య దారిలోనే.

నాలుగవ రాత్రి అనుకుంటాను, ఒక ఘట్టం వచ్చినది. విశ్వవిద్యాలయంలో తేకు సీటు వస్తుంది. అతడు తప్పుకొంటే ఆ సీటు ఓఏవ్‌కు దక్కుతుంది. తే ఎవరికీ చెప్పక తప్పుకొంటాడు. తరువాత తానే మళ్లీ పుస్తకాల ముందు కూర్చొని పరీక్షకు చదవవలసి వస్తుంది. మా అమ్మాయి కన్నీరు తుడుచుకొన్నది. నాకు కన్నీరు రాలేదు. మరొక సీటు జ్ఞాపకం వచ్చినది.

పన్నెండు పదమూడేళ్ల క్రితం, వసతి పాఠశాలల పర్యవేక్షణ నా పనులలో ఒకటిగా ఉన్న రోజులలో, ఒక వార్డెను నుండి నివేదిక వచ్చినది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఇద్దరు విద్యార్థుల ప్రవర్తన 'అభ్యంతరకరం' అనీ, తోటివారిపై ప్రభావం పడకుండా ఒకరిని వేరే జిల్లాకు పంపవలసినదనీ సారాంశం. నిదర్శనంగా, ఒక పిల్లవాని ట్రంకుపెట్టెలో దొరికిన ఉత్తరం జతపరచబడినది. నోటుబుక్కు నుండి చింపిన రూళ్ల కాగితం. ఉత్తరంలో చాలా భాగం లాగరిథమ్ టేబుల్స్ పుస్తకం గురించి, సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లే బస్సు గురించి. చివరి నాలుగు పంక్తులలో 'మన స్నేహం' అన్న మాట మూడుసార్లు ఉన్నది. మూడుసార్లూ దాని కింద ఎర్రసిరాతో గీత ఉన్నది. ఆ గీతలు వ్రాసిన పిల్లవానివి కావు.

ఎం.ఎ.లో మా ఆచార్యులు మొదటి సంవత్సరంలోనే ఒక సంగతి నేర్పారు. ఒక పత్రం చేతికి వచ్చినప్పుడు, దానిని వ్రాసినవారిని ఎంత శ్రద్ధగా చదువుతామో, దాని మీద గీతలు గీసినవారిని కూడా అంత శ్రద్ధగా చదవాలి. ఆ ఇద్దరూ ఒకరే అని భ్రమించరాదు. ఈ పాఠం నాకు పరీక్షలో మంచి మార్కులు తెచ్చిపెట్టినది. ఆ మధ్యాహ్నం మాత్రం జ్ఞాపకం రాలేదు. దస్త్రంలో వార్డెను మాట ఉన్నది, ప్రిన్సిపాలు సిఫారసు ఉన్నది, ఒక తండ్రి వేలిముద్ర వేసిన అంగీకారపత్రం ఉన్నది. పిల్లల మాట లేదు. అడిగి తెప్పించే అధికారం నాకు ఉన్నది. నేను 'ఆమోదించడమైనది' అని వ్రాసి సంతకం చేశాను. టి.సి.లో ప్రవర్తన అన్న గడిలో 'తృప్తికరం' అని వ్రాయవలసిందిగా ఒక పంక్తి చేర్చాను. అది నేను చేసిన ఉపకారమని ఆనాడు అనుకొని, ఇంటికి వెళ్లి భోజనం చేసి నిద్రపోయాను. అప్పటికి డిసెంబరు నెల. పరీక్షలకు మూడు నెలలు ఉన్నాయి.

1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ విభాగం ఆ రోజు అమలులో ఉన్నదని నాకు నేను చెప్పుకోవచ్చు. పెద్దల మధ్య పరస్పర సమ్మతికి దానిని వర్తింపజేయరాదని సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పినది 2018 సెప్టెంబరు 6న. కాని నా ముందున్న కాగితంలో ఏ నేరమూ లేదు. లాగరిథమ్ టేబుల్స్ ఉన్నాయి. అనువాదం పొరపాటైనదని కూడా అనలేను. ఆ మాటకు ఏ అర్థం ఉన్నదో వ్రాసినవాడిని అడగనేలేదు కదా. అది మైత్రే కావచ్చు, థాయ్ వారి సనేహా కావచ్చు. పదిహేడేళ్ల వయసులో వ్రాసినవానికే తెలిసి ఉండకపోవచ్చు. తేకు ఐదు భాగాలు పట్టినది.

సీరియల్లో నాకు నచ్చనివి లేకపోలేదు. కన్నీరు మోతాదు మించినది. ప్రతి సాయంకాలమూ సముద్రం మీద సూర్యుడు ఆ పిల్లల కోసమే అస్తమిస్తున్నట్లు చిత్రీకరించారు. తగరపు గనులలో దిగినవారి ఊరిలో కష్టం చేసే చేతులు నూడుల్స్ అంగడిలో తప్ప ఎక్కువగా కనిపించవు. ఇటువంటి కథలు చూసి ఆ దేశంలో ఇటువంటి పిల్లలకు అడ్డంకులే లేవనుకోవడం కూడా పొరపాటు. ఒకే లింగానికి చెందినవారి వివాహాన్ని గుర్తించే చట్టం అక్కడ అమలులోనికి వచ్చినది 2025 జనవరి 23న, అనగా ఈ సీరియల్ వచ్చిన నాలుగేళ్లకు పైన. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ పిల్లల భయాన్ని పెద్దవారి కళ్లతో కాక వారి కళ్లతోనే చూపించారు. తే భయపడేది పోలీసులకు కాదు, పెద్దలకూ అంతగా కాదు. తన మనసు తనకే పరాయి భాషలో మాట్లాడుతున్నందుకు.

ఐదవ భాగం ముగిసిన రాత్రి టీవీ ఆపివేసిన తరువాత కూడా మేమిద్దరం కూర్చునే ఉన్నాము. నేను దస్త్రం సంగతి మా అమ్మాయికి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఉద్యోగపు విషయాలు ఇంటిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆమె నన్ను నిందించలేదు. నిందిస్తే తేలికగా ఉండేది.

"ఆ ఫైలు ఇప్పుడు ఎక్కడ ఉన్నది?" అని అడిగినది.

పదేళ్లు దాచే వర్గంలో మూసివేసిన దస్త్రమనీ, గడువు తీరిన తరువాత అటువంటివి నాశనం చేస్తారనీ చెప్పాను. దాచవలసినది ఏది, చింపవలసినది ఏది అని ఆనాడు నిర్ణయించినది కూడా నేనే.

"పంపేసిన అబ్బాయి పరీక్ష వ్రాశాడా?"

"తెలియదమ్మా."

"అతని పేరేమిటి?"

దస్త్రపు అట్ట గుర్తున్నది, దాని సంఖ్య గుర్తున్నది, సంవత్సరంతో సహా చెప్పగలను. ఎర్రగీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తున్నది. పేరు కోసం చాలాసేపు వెతికాను. మా అమ్మాయి ఓపికగా ఎదురుచూసినది. పేరు రాలేదు.